మేం మానెయ్యలేదు, మీరు మాన్పించారు

పూర్వ విద్యార్థి అంటే ఎవడు? బళ్లో చేరినవాడా, పదో తరగతి పాసైనవాడా?

సమ్మేళనాలకెళ్లి, పాత మేష్టర్లకి శాలువాలు కప్పి, గ్రూపు ఫొటో దిగి, విందు భోజనం చేసి వచ్చేవాళ్లకి ఇది ప్రశ్నే కాదు. వాళ్లకి బడి అంటే జ్ఞాపకం. మాకు బడి అంటే లెక్క. ఎంతమందిమి లోపలికి పోయాం, ఎంతమందిమి చివరిదాకా మిగిలాం అనే లెక్క. మా మాదిగపల్లె నుంచి ఆ ఏడు నలుగురం పోయాం. ఒక్కణ్ణి మిగిలాను. ఆ మిగిలిన ఒక్కణ్ణే పూర్వ విద్యార్థిగా ఒప్పుకుంటుంది మా బడి పూర్వ విద్యార్థుల సంఘం. మిగతా ముగ్గురూ అసలా బడి మెట్టే ఎక్కనట్టు ఒక నిబంధన రాసుకుంది. ఆ నిబంధన మీదే నా ఈ తగువు.

బడి పేరు చెప్పను. చెప్తే ఇది ఆ ఒక్క బడి గొడవైపోద్ది. కృష్ణా కాలవ కింద ఏ ఊరికెళ్లినా, ఊరికీ పల్లెకీ మధ్య గోడ కట్టుకుని ఇట్టాంటి ప్రైవేటు బడి ఒకటుంటది. ఆ ముగ్గురి పేర్లూ చెప్పను. వాళ్ల ఇళ్లల్లోవాళ్లు రేపు పొద్దున కూడా ఆ ఊరి కామందుల చేలల్లోకే కూలికి పోవాలి.

సంఘం ఏడాదికి రెండుసార్లు ఒక పత్రిక పంపుతుంది. నున్నటి కాగితం. రంగుల అట్ట. అట్ట మీద 'మనమంతా ఒకే కుటుంబం' అని పెద్దక్షరాలు. లోపల ఎవరి పిల్లకి పెళ్లయింది, ఎవరికి ప్రమోషనొచ్చింది, ఎవరు గృహప్రవేశం చేశారు, ఎవరి కొడుకు అమెరికాలో ఏ పట్టా పుచ్చుకున్నాడు, కొత్త గదులకి ఎవరెంత చందా ఇచ్చారు, ఎవరు కాలం చేశారు. ఏ పేజీ తిప్పినా ఊరి కబురే. పల్లె కబురు ఒక్కటుండదు. పల్లెలో పెళ్లిళ్లు కావా? పల్లెలో చావులు లేవా? ఆ బళ్లో నాలుగేళ్లు, ఏడేళ్లు, తొమ్మిదేళ్లు చదివినోళ్లు పల్లెలో లేరా?

అబద్ధం చెప్పకూడదు. ఒక పేజీలో మేం ఉంటాం. 'సేవా కార్యక్రమాలు' అనే పేజీలో. అక్కడ ఫొటో వేస్తారు. కుర్చీల్లో సంఘం పెద్దలు, వాళ్ల ముందు మట్టిలో వరసగా నిలబడ్డ మా పల్లె పిల్లలు. కింద 'నిరుపేద బాలలకు పలకల పంపిణీ' అని ఉంటది. ఇచ్చినాయనకి పేరుంది, ఇంటిపేరుంది, ఏ సంవత్సరం బ్యాచో ఉంది, ఇప్పుడే దేశంలో ఉన్నాడో ఉంది. పుచ్చుకున్న పిల్లకి ఏమీ లేదు. అట్టాంటి ఒక ఫొటోలో పలక పట్టుకు నిలబడ్డ పిల్ల మా చిన్నాయన కొడుకు కూతురు. మా చిన్నాయన కొడుకు ఆ బడి విద్యార్థి. ఆ సంగతి ఫొటో తీసినోడికి తెలవదు, తీయించినోడికి తెలుసు.

ఇదంతా ఫొటో గురించిన రోషమే అయితే నేను కలం పట్టేవాణ్ణి కాదు. సంఘం ఒట్టి కబుర్ల సంఘం కాదు. దానికో నిధి ఉంది. పూర్వ విద్యార్థుల పిల్లలకి బళ్లో సీటు దగ్గర ముందు వరస, ఫీజులో సగం రాయితీ. ఉద్యోగం కావాలంటే ఫలానా కంపెనీలో మన బ్యాచ్ వాడున్నాడు, ఫోను చేయిస్తాం అనే భరోసా. కాలేజీ సీటుకి సిఫారసు ఉత్తరం. స్థలం అమ్మాలన్నా కొనాలన్నా మనవాళ్లేనన్న నమ్మకం. జ్ఞాపకాల పేరు మీద చేతులు మారేది ఇదీ. ఇది ఆస్తి. ఈ ఆస్తికి వారసులెవరో తేల్చేదే ఆ నిబంధన. 'ఈ పాఠశాల నుండి పదవ తరగతి ఉత్తీర్ణులైన వారు మాత్రమే సభ్యత్వమునకు అర్హులు.' ఒక్క వాక్యం. కులం పేరు ఎక్కడా లేదు. ఉండక్కర్లేదు. పని అదే చేసుకుపోద్ది.

2016 జూన్‌లో మా చిన్నాయన కొడుకు తన కూతుర్ని ఆరో తరగతిలో చేర్పిద్దామని పోయాడు. రాయితీ సంగతి అడిగాడు.

'నీ మెంబర్షిప్ నంబరెంత?' అన్నాడు గుమాస్తా.

'నంబరేంటండీ, నేనిక్కడే చదివాను. నాలుగో తరగతి దాకా.'

'పదో తరగతి పాసైతేనేనయ్యా పూర్వ విద్యార్థి. పో, వేరే బడి చూసుకో.'

ఆ సాయంత్రం నాకు ఫోను చేసి వాడన్న మాట ఇది: 'అన్నా, నన్నా బళ్లోంచి తోలేసింది ఆళ్లే గదా. నువ్వు చదవలేదుగా అనేది కూడా ఆళ్లేనా?'

ఈ ప్రశ్నకి జవాబు చెప్పమనే నేను సంఘాన్ని అడుగుతున్నాను. జవాబు రావాలంటే ముందు మేం ఆ బళ్లోకి ఎట్టా పోయామో, ఎట్టా బయటికొచ్చామో తెలియాలి.

బడి ఆటస్థలం మా పల్లె దిబ్బ. మా తాతలు తోళ్లు ఆరేసుకున్న దిబ్బ. 1970లలో కామందులు నలుగురు కలిసి బడి పెట్టినప్పుడు పిల్లలాడుకోడానికి జాగా చాలలేదు. మా పెద్దల్ని పిలిపించారు. దిబ్బ ఇస్తే ఏటా మీ పల్లె పిల్లల్ని నలుగుర్ని ఫీజు లేకుండా చేర్చుకుంటామన్నారు. మావాళ్లు వేలిముద్రలేశారు. కాగితం వాళ్ల దగ్గరే ఉండిపోయింది. మాట మా దగ్గర మిగిలింది. ఇవ్వాళ ఆ ఆటస్థలం గేటు మీద ఒక దాత పేరు పాలరాతి మీద చెక్కి ఉంది. ఆయన ఇచ్చింది గేటు. నేల ఇచ్చింది మేం. దాతల పేజీలో గేటుంటది, నేలుండదు.

1982లో ఒకటో తరగతిలో నలుగురం చేరాం. నేను, మా చిన్నాయన కొడుకు, మా మేనత్త కూతురు, డప్పు కొట్టే వాళ్లింటి పిల్లోడు.

మొదట పోయింది మా చిన్నాయన కొడుకు. 1985. ఆ ఏడు జులై 17న కారంచేడు జరిగింది. మాదిగలు తాగే చెరువు నీళ్లల్లో గేదెల్ని కడుగుతుంటే ఇదేం పనని అడిగినందుకు ఆరుగుర్ని చంపారు. బతికినోళ్లు చీరాల పోయి తల దాచుకున్నారు. మా పల్లె మగాళ్లు కొందరు చీరాల శిబిరానికెళ్లొచ్చారు. ఎవరెవరు వెళ్లారో ఊళ్లో కామందులు లెక్కేసుకున్నారు. బళ్లో మంచినీళ్ల కుండ ఉండేది. మా నలుగురికీ ఎవరో ఒకరు పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. ఆ వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం పోసేవాళ్లెవరూ లేక మా చిన్నాయన కొడుకు గ్లాసు ముంచుకు తాగాడు. మేష్టారు కుండ పగలగొట్టించి, ఆ పెంకులు వాడిచేతే ఎత్తించి, మీ నాయన్ని తీసుకురమ్మన్నాడు. మా చిన్నాయన పాలేరుతనం చేసేది బడి కమిటీలో ఉన్న కామందు దగ్గరే. చీరాల వెళ్లొచ్చినవాళ్లలో ఆయనా ఒకడు. ఆయన బడికి పోయి ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చి, 'రేపట్నుంచి గేదెల్ని తోలుకుపోరా' అన్నాడు. అంతే. అక్కడ చెరువు నీళ్లు, ఇక్కడ కుండ నీళ్లు.

బళ్లో రిజిస్టరు ఒకటుంటది. చేరిన తేదీ, పేరు, తండ్రి పేరు, కులం, మానేసిన తేదీ, మానేసిన కారణం. ఈ గడులన్నీ ఉంటాయి. మా చిన్నాయన కొడుకు పేరుకెదురుగా ఆఖరి గడిలో 'తండ్రి కోరికపై' అని ఉంది. టీసీలోనూ అదే. ఏ తండ్రి కోరికండీ అది?

తర్వాత మా మేనత్త కూతురు. 1989. లెక్కల్లో మా క్లాసులో ఆ పిల్లకి సాటి లేరు. మేష్టారు తన బదులు మగపిల్లల పలకలు దిద్దమని ఆ పిల్లకే ఇచ్చేవాడు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష బాగా పాసైంది. ఎనిమిదిలో చేరబోతే ఫీజు కట్టమన్నారు. మా పెద్దలతో ఒప్పందం ఏడో తరగతి వరకేనట. ఆ సంగతి వేలిముద్రలేసినోళ్లకి అప్పటిదాకా తెలవదు. కాగితం వాళ్ల దగ్గరే ఉంది కదా, అందులో ఏముందని వాళ్లు చెప్తే అదే ఉన్నట్టు. ఇక్కడ మా పల్లె సంగతి కూడా చెప్పాలి. దాచిపెడితే ఇది సగం నిజమే అవుద్ది. నా ఫీజుకి మా అయ్య పాడిగేదెనమ్మాడు. ఆ పిల్ల ఫీజుకి ఎవరూ ఏమీ అమ్మలేదు. 'ఆడపిల్లకి ఎనిమిదో తరగతెందుకు' అన్నారు మా మగాళ్లు. బడి తలుపు మూసింది, పల్లె గడియ పెట్టింది. ఆ ఎండాకాలమే ఆ పిల్ల మిరపకాయల కోతకి పోయింది. రిజిస్టరులో ఏం రాశారు? మళ్లీ 'తండ్రి కోరికపై.'

మూడోవాడు డప్పు వాళ్లింటి పిల్లోడు. 1990. ఆ ఆగస్టు 7న మండల్ సిఫారసులు అమలు చేస్తామని వి.పి. సింగ్ ప్రభుత్వం ప్రకటించింది. ఇరవై ఏడు శాతం బీసీలకి. అంతకుముందు ఎస్సీలకున్నదానికి దాంతో సంబంధమే లేదు. కానీ తిట్లు మొదట మాకే వచ్చాయి. ఉద్యోగాలు పోతే ఇంక మేమీ పనులే చేసుకోవాలంటూ అగ్రకులాల పిల్లలు రోడ్ల మీద చీపుళ్లు పట్టి ఊడ్చారు, బూట్లు పాలిష్ చేశారు. పేపర్లు ఆ ఫొటోలు వేశాయి. అది నిరసనట! మా అయ్య పొద్దున లేస్తే చేసే పని వాళ్లకి అవమానాల్లోకెల్లా పెద్ద అవమానం. ఆ అవమానం మా అయ్య జన్మంతా చేస్తే ఎవరికీ నొప్పి పుట్టలేదు, వాళ్లు అరగంట చేస్తే దేశం కళ్లనీళ్లు పెట్టుకుంది.

మా బడి ముందు సెంటర్లో కూడా పాలిష్ డబ్బాలు పెట్టారు. బడి పెద్ద పిల్లలు, కాలేజీ పిల్లలు కలిసి. డప్పు వాళ్లింటి పిల్లోణ్ణి పిలిచి, 'నువ్వు చూపించరా ఎట్టా చెయ్యాలో, మీ కులవిద్యేగా' అన్నారు. వాడు డబ్బా తీసి వాళ్ల మొహాన కొట్టాడు. మర్నాడు కరస్పాండెంటు వాడొక్కణ్ణే పిలిచాడు. క్రమశిక్షణ లేదని పదిహేను రోజులు రావద్దన్నాడు. పదిహేను రోజులయ్యాక ఇంకో పదిహేనన్నాడు. మూడోసారి వాడే పోలేదు. వాడిప్పుడు లారీ తోలతాడు. వాడి గడిలో 'ప్రవర్తన కారణముగా' అని రాశారు. ఆ ఒక్క గడిలో అన్నా నిజానికి కాస్త దగ్గరగా రాశారు. ఎవరి ప్రవర్తనో మాత్రం రాయలేదు.

ఇంక నేను. పదో తరగతిలో ఉండగా 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మంది మావాళ్లని నరికి, గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైంది. వారం రోజులపాటు బళ్లో పేపరు బల్ల మీద పేపరు లేదు. బీరువాలో పెట్టి తాళమేశారు. పిల్లలు భయపడతారని. ఏ పిల్లలు? భయపడాల్సిన పిల్లోణ్ణి ఆ క్లాసులో నేనొక్కణ్ణే మిగిలాను. నాకు పల్లెలో అప్పటికే తెలుసు. ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2017లో మా బ్యాచ్ పాతికేళ్ల పండగ చేసుకున్నప్పుడు సంఘం పత్రిక 'ఆనాటి ముచ్చట్లు' అని ప్రత్యేక పేజీ వేసింది. అందులో ఆ ఏడు జరిగిన ప్రపంచకప్ క్రికెట్టుంది, సైన్సు లాబుకొచ్చిన కొత్త అద్దాల బీరువా ఉంది. చుండూరు లేదు. అద్దాల బీరువా గుర్తున్నవాళ్లకి తాళమేసిన బీరువా గుర్తులేదు.

ఆ పాతికేళ్ల పండగ రోజునే సర్వసభ్య సమావేశం కూడా పెట్టారు. నేను లేచి ఒక్క సవరణ ప్రతిపాదించాను. 'ఉత్తీర్ణులైన వారు' అన్నచోట 'చేరిన వారు' అని పెట్టమన్నాను. ఒక్క మాట మార్చమన్నాను. మూడు జవాబులొచ్చాయి. ఆ మూడూ ఏ ఊళ్లోనైనా వచ్చేవే కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: 'నిబంధన అందరికీ ఒకటే గదా. మీవాళ్లకనే కాదు, మధ్యలో మానేసిన ఎవరికైనా అంతే.'

అందరికీ ఒకటేనా? ఆ రోజు వేదిక మీద ముఖ్య అతిథిగా కూర్చున్నాయన మా బళ్లో చదివింది రెండేళ్లు. ఆరు, ఏడు తరగతులు. వాళ్ల నాన్న బ్యాంకు ఆఫీసరు, బదిలీ అయిపోయారు. ఆయన పదో తరగతి ఎక్కడ పాసయ్యాడో మాకెవరికీ తెలియదు. అమెరికాలో పెద్ద ఉద్యోగస్తుడయ్యాక సంఘమే వెతుక్కుంటూ పోయింది. అట్ట మీద బొమ్మేసి 'మన బడి ముద్దుబిడ్డ' అంది. గౌరవ సభ్యత్వమిచ్చింది. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన కూడా పూర్వ విద్యార్థే, నేను అడిగే లెక్క ప్రకారమైతే. రెండేళ్లు చదివినాయన ముద్దుబిడ్డ అయితే, నాలుగేళ్లు చదివినోడు, ఏడేళ్లు చదివిన పిల్ల, తొమ్మిదేళ్లు చదివినోడు ఎవరి బిడ్డలు? పైకి పోయినోడి కోసం వంగే నిబంధన కిందికి తోసేసినోడి దగ్గరికొచ్చేసరికి నిటారుగా నిలబడుద్ది. దాన్ని నిబంధన అనరు, మర్యాద అంటారు. ఊళ్లో ఎవరు ఎదురొస్తే లేచి నిలబడాలో చెప్పే మర్యాద.

రెండోది: 'ఇక్కడ కులమెందుకు తెస్తావయ్యా? బళ్లో అందరం ఒకే యూనిఫాం వేసుకున్నాం.'

కులం నేను తేలేదు. అది మీ రిజిస్టరులోనే ఉంది, నా పేరు పక్కన గడిలో. మీ పత్రిక ఆఖరి పేజీ చూడండి. 'మనవాళ్లలో సంబంధాలు' అని వేస్తారు. అబ్బాయి చదువు, జీతం, పొడుగు, కులం, శాఖ, గోత్రం. ఒకే కుటుంబం అని అట్ట మీద రాసి, ఆ కుటుంబంలో ఎవరు ఎవర్ని చేసుకోవచ్చో ఆఖరి పేజీలో కులం ప్రకారం అచ్చేస్తారు. పెళ్లి దగ్గర పనికొచ్చే కులం సభ్యత్వం దగ్గర చెప్తే కంపెట్టా కొడుద్ది? యూనిఫాం మీద గుడ్డ. దోసిట్లో నీళ్లు పోసేటప్పుడు మీరు చూసింది గుడ్డని కాదు.

మూడోది, అందరికంటే మెత్తగా చెప్పింది: 'పాపం, వాళ్లకే చదువు మీద ఆసక్తి లేదు. మనమేం చేస్తాం?'

లెక్కలు దిద్దిన పిల్లకి ఆసక్తి లేదా? ఫీజుకి పాడిగేదెనమ్ముకున్న ఇంట్లో ఆసక్తి లేదా? కుండ పెంకులు ఎత్తిన పిల్లోడు మర్నాడు కూడా పుస్తకాల సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గేదెల దగ్గరికి తోలింది వాళ్ల నాయన. ఆ నాయన్ని తోలింది మీ కమిటీ. 'మానేశారు' అనే మాటే దొంగమాట. క్రియ వాళ్ల మీద పెట్టి కర్తని దాచేశారు. మేం మానెయ్యలేదు, మీరు మాన్పించారు. తెలుగు మేష్టరు నేర్పిన వ్యాకరణం ఇంతకంటే ఎక్కువ నాకెక్కడా పనికిరాలేదు.

సవరణని 'వచ్చే సమావేశంలో పరిశీలిద్దాం' అన్నారు. వచ్చే సమావేశాలు వస్తూనే ఉన్నాయి.

చేరినవాణ్ణి లెక్కపెట్టడం లోకంలో లేని వింతేం కాదు. సతారా ప్రభుత్వ బళ్లో 1900 నవంబరు 7న ఒక మహర్ పిల్లోడు చేరాడు. రిజిస్టరులో 1914 నంబరు కింద భీవా రాంజీ ఆంబేడ్కర్ అని ఉంది. మంచినీళ్ల కుళాయి ముట్టుకోనివ్వలేదు, గోనెపట్టా మీద వేరుగా కూర్చోబెట్టారు. 1904 దాకా అక్కడ చదివి కుటుంబంతో బొంబాయి వెళ్లిపోయాడు. మెట్రిక్ పాసైంది బొంబాయిలో, సతారాలో కాదు. మా సంఘం నిబంధన ప్రకారమైతే బాబాసాహెబ్ సతారా బడికి పూర్వ విద్యార్థి కాడు. ఆయన పిల్లలకి సగం ఫీజు రాయితీ లేదు. కానీ ఆ బడి ఆ రిజిస్టరుని కళ్లకద్దుకుని దాచుకుంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2017లో నవంబరు 7ని విద్యార్థి దినంగా ప్రకటించింది. చూడండి, పాసైన రోజుని కాదు. చేరిన రోజుని. అంటరాని పిల్లోడు బడి గడప దాటిన రోజే ఒక చరిత్ర అని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. మా ఊరి కమిటీ ఒప్పుకోలేదు.

ఇంకో మాట. ప్రైవేటు బడి, దాని పూర్వ విద్యార్థుల గొప్ప అనేవి మన దేశంలో ఎక్కణ్ణుంచి వచ్చాయో గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాద్ పబ్లిక్ స్కూలు పుట్టింది 1923లో. అప్పుడు దాని పేరు జాగీర్దార్ కాలేజీ. జాగీర్దార్ల కొడుకుల కోసం పెట్టిన బడి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1951లో బడి పేరు మారింది, తలుపులు మిగతావాళ్లకీ తెరుచుకున్నాయి. 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్ల, 2023లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడైన అజయ్ బంగా ఆ బడి విద్యార్థులే. ఆ బడితో నాకు గొడవేం లేదు, వాళ్ల తెలివిని నేను కాదనను. నేను చెప్పేది జాగీరు సంగతి. భూమి మీద జాగీరు రద్దు చెయ్యడానికి ప్రభుత్వానికి ఒక ఉత్తర్వు చాలింది. బడి మీద జాగీరుకి ఉత్తర్వే లేదు. మా ఊళ్లోలాంటి చిన్న చిన్న బడులు ఆ పెద్ద బడుల్ని చూసి వాత పెట్టుకున్నాయి. పిల్లలకిచ్చే చదువులో కాదు, పూర్వ విద్యార్థుల వారసత్వంలో. తండ్రి చదివితే కొడుక్కి సీటు, కొడుకు చదివితే మనవడికి రాయితీ. తండ్రిని తరిమేస్తే కూతురిక్కూడా లేదు. తరిమిన నేరం వాళ్లది, శిక్ష రెండు తరాలకి మాది.

చట్టమొచ్చిందిగా అంటారు. వచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు బడుగు పిల్లలకి ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 12(1)(సి) చెప్పింది. ప్రైవేటు యాజమాన్యాలు సుప్రీంకోర్టుకెళ్లాయి. 2012లో కోర్టు చట్టాన్నే నిలబెట్టింది. 2014లో మైనారిటీ బడులకి మాత్రం మినహాయింపిచ్చింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో గానీ అమలు మొదలు కాలేదు. పన్నెండేళ్లు! ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లలు ఇంటర్ పాసయ్యేంత కాలం.

సరే, మొదలైందనుకుందాం. ఆ ఉచితం ఎందాకా? ఎనిమిదో తరగతి దాకా. తొమ్మిదిలో ఫీజు కట్టాలి. మా మేనత్త కూతుర్ని ఏడు దగ్గర ఆపిన గోడ ఇప్పుడు ఎనిమిది దగ్గరికి జరిగింది. గోడ జరిగింది గానీ కూలలేదు. ఇవ్వాళ ఆ నాలుగో వంతు సీట్లలో చేరిన పిల్లల్లో తొమ్మిదికొచ్చేసరికి ఎంతమంది మిగులుతారో చట్టం అడగదు. మిగలనివాళ్లని రేపటి పూర్వ విద్యార్థుల సంఘం అడగదు. అప్పుడు కూడా ఫొటోలో మిగిలేది ఎవరో ఇప్పుడే చెప్పొచ్చు. చేరడాన్ని లెక్కపెట్టి పోవడాన్ని లెక్కపెట్టకపోతే ఏ చట్టమైనా ముందు గుమ్మంలోంచి పిలిచి దొడ్డిదారిన పంపించడమే.

అందుకని నేను అడిగేవి దానాలు కావు. బడి అడ్మిషన్ రిజిస్టరే సంఘం సభ్యుల జాబితా కావాలి. అందులో పేరున్న ప్రతి ఒక్కరూ పూర్వ విద్యార్థే. మధ్యలో పోయినవాళ్ల జాబితా పత్రికలో అచ్చెయ్యాలి, 'తండ్రి కోరికపై' అన్న గడిలో వాళ్ల నోటితో చెప్పిన కారణం వెయ్యాలి. రాయితీ మొదట వాళ్ల పిల్లలకివ్వాలి, అమెరికాలో ఉన్నోళ్ల పిల్లలకి కాదు. చట్టం కింద చేరిన పిల్లలకి తొమ్మిది, పది తరగతుల ఫీజు సంఘం నిధి నుంచి కట్టాలి. ఆ నిధి దేనికుంది మరి, వేదిక మీద పూలదండలకా? ఆటస్థలం గేటు మీద దాత పేరు పైన మా పల్లె పేరు చెక్కాలి. పలకలు పంచక్కర్లేదు. పలక మేం కొనుక్కోగలం.

మనలో కొందరికి కూడా ఒక మాట. పాసై బయటపడ్డవాళ్లం ఉన్నాం. ఉద్యోగాలొచ్చాయి. సంఘాలు మనల్ని వేదిక మీదికి పిలుస్తాయి. మనం కూర్చుంటే 'చూశారా, మా బడికి కులం లేదు' అనడానికి వాళ్లకి ఒక సాక్ష్యం. మన శాలువా మన పక్కన లేని ముగ్గురి మీద కప్పిన గుడ్డ. ఆ శాలువా కప్పించుకుని చప్పట్లు కొట్టి దిగొచ్చేవాళ్లున్నారు. మైకు చేతికొచ్చినప్పుడు ఆ ముగ్గురి సంగతీ అడిగొచ్చేవాళ్లున్నారు. ఎవరు ఎటన్నది ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి.

చదువుకుంటున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే. మీరు చదివిన ప్రైవేటు బడి నుంచి సమ్మేళనానికి రమ్మని పిలుపొస్తే పొండి. మానొద్దు. అది మన బడి కూడా. పోయి మొదట రిజిస్టరు తెమ్మనండి. మీతో చేరినవాళ్లెందరు, మీతో పాసైనవాళ్లెందరు, తేడా ఎందరు, ఆ తేడా ఏ వాడల నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల గడిలో ఏం రాశారు, రాసింది నిజమేనా? రాసుకోండి. ఊరికొచ్చి ఆ మనిషినే అడగండి. ఆ చెప్పింది కూడా రాయండి. మీరు రాసిందే ఆ బడికి అసలైన పూర్వ విద్యార్థుల పత్రిక. దాని అట్ట మీద కుటుంబం అని వెయ్యక్కర్లేదు. లెక్క అని వెయ్యండి చాలు.